మైత్రి స్టేషన్ దక్షిణాన నీలి మంచు మ్యాపింగ్: మబ్బు నీడ, నీటి మడుగు, అసలు మంచుగడ్డ వేరు చేయడం ఎలా?

బ్రాడీపేట_భార్గవి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. విజయవాడలో ఎం.టెక్ రిమోట్ సెన్సింగ్ చదువుతున్నాను. ప్రాజెక్టుకి అంటార్కిటికాలో మన మైత్రి స్టేషన్ ఉన్న షిర్మాకర్ కొండల ప్రాంతం తీసుకున్నాను. ఆ కొండలకి దక్షిణాన ఖండపు మంచు మొదలవుతుంది. అక్కడ చాలా చోట్ల పైన పొడి మంచు నిలవదు, గట్టి మంచుగడ్డే బయటికి కనిపిస్తుంది. నీలి మంచు అనేది దాన్నే. ల్యాండ్‌శాట్ 8 అనే అమెరికా శాటిలైట్ చిత్రాలతో దాని హద్దు గీసి, విస్తీర్ణం లెక్కకట్టాలి.

మొదట ఎన్‌డీఎస్‌ఐ అనే మంచు సూచిక వేసి చూశాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: ఆకుపచ్చ బ్యాండ్ (శాటిలైట్ విడివిడిగా కొలిచే ఒక్కో రంగు వెలుగుని బ్యాండ్ అంటారు) నుంచి షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్ తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించడమే. మంచుని రాయి నుంచీ చాలా రకాల మబ్బుల నుంచీ బాగానే విడదీసింది. కానీ పొడి మంచుకీ గట్టి మంచుగడ్డకీ రెండింటికీ ఎక్కువ విలువే వస్తోంది. పోనీ సహజ రంగుల్లో చిత్రం పెట్టుకుని నీలంగా ఉన్నదంతా ఎంచుదామంటే అసలు నీలి మంచుతో పాటు వేసవిలో మంచు మీద నిలిచే నీటి మడుగులు, మబ్బుల నీడలు కూడా కలిసి వస్తున్నాయి.

ఇంకో సందేహం. 2014లో చైనా పరిశోధకుల బృందం అంటార్కిటికా మొత్తం మీద నీలి మంచు 2,34,549 చదరపు కిలోమీటర్లు, అంటే ఖండంలో 1.67 శాతం అని లెక్క తేల్చింది. 2024లో టోలెనార్ బృందం సుమారు 1,40,000 చదరపు కిలోమీటర్లు, అంటే 1 శాతం దగ్గర అని చెప్పింది. రెండింటి మధ్య తేడాయే దాదాపు 94 వేల చదరపు కిలోమీటర్లు. పదేళ్లలో అంత మంచుగడ్డ మాయమైందనుకోవాలా? అలా అయితే కాదు కదా. మరి నేను ఏ పద్ధతి పట్టుకోవాలి?

సింగ్‌నగర్_శివ

భార్గవీ, చేత్తో థ్రెషోల్డులు, అంటే హద్దు విలువలు, పెట్టుకుంటూ కూర్చుంటే ఎప్పటికీ తెమలదు. డీప్ లెర్నింగ్ వాడు. కొన్ని చిత్రాల మీద నువ్వే హద్దులు గీసి లేబుళ్లు ఇవ్వు, చిత్రాన్ని భాగాలుగా విడదీసే యూ-నెట్ లాంటి మోడల్‌కి నేర్పించు, మిగతాది అది చూసుకుంటుంది. నువ్వు చెప్పిన 2024 పని కూడా న్యూరల్ నెట్‌వర్క్‌తో చేసిందే.

కృష్ణలంక_మాస్టారు

శివా, మోడల్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. అమ్మాయి అడిగిన ప్రశ్నలో అసలు ముడి వేరే చోట ఉంది. భార్గవీ, నువ్వు నీలం రంగుని సాక్ష్యంగా తీసుకుంటున్నావు. అది బలమైన సాక్ష్యం కాదమ్మా.

నేను ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. పిల్లలకి ఇది చెప్పాల్సి వస్తే చేపల మార్కెట్‌కి ఐస్ దిమ్మ దిగేటప్పుడు చూడమనేవాణ్ణి. దిమ్మ అంచుల దగ్గర అద్దంలా ఉంటుంది, నడిమధ్య తెల్లగా ఉంటుంది. డబ్బాలో నీళ్లు బయటి నుంచి లోపలికి గడ్డకడతాయి, నీటిలో కరిగి ఉన్న గాలి మధ్యకి నెట్టుకుపోయి అక్కడ బుడగలై చిక్కుకుంటుంది. అద్దంలా ఉన్న ముక్కనే సుత్తితో కొట్టి పొడి చేయండి, అది కూడా తెల్లబడుతుంది. పదార్థం మారలేదు. వెలుగు తగిలి వెనక్కి తిరగడానికి లోపల ఎన్ని అంచులు దొరుకుతున్నాయి అన్నదే మారింది.

పొడి మంచులో వెలుగు రేణువు నుంచి రేణువుకి తగిలి, లోపల కొద్ది దూరమే నడిచి బయటపడుతుంది. అందుకే అన్ని రంగులూ తిరిగొచ్చి తెల్లగా కనిపిస్తుంది. గట్టి మంచుగడ్డలో అంచులు తక్కువ కాబట్టి వెలుగు చాలా దూరం లోపల నడవాల్సి వస్తుంది. మంచుకి ఎరుపుని కొద్దికొద్దిగా, సమీప పరారుణ కిరణాలని అంతకంటే చాలా ఎక్కువగా పీల్చుకునే గుణం ఉంది. దూరం పెరిగేకొద్దీ ఆ రెండూ తగ్గిపోయి నీలం మిగులుతుంది. మన కంటికి కనిపించేది ఆ మిగులు. శాటిలైట్ దగ్గర మాత్రం మన కంటికి లేని బ్యాండ్ ఒకటి ఉంది. సమీప పరారుణ బ్యాండ్‌లో పొడి మంచు ఇంకా వెలుగుతూనే ఉంటుంది, నీలి మంచు బాగా నల్లబడుతుంది. కాబట్టి ఏది పెరిగిందని కాదు, ఏది తగ్గిందని చూడు. ల్యాండ్‌శాట్ 8లో అయిదో బ్యాండ్‌ని మూడో బ్యాండ్‌తో భాగించి చూడు, తేడా ఎక్కడుందో నీకే తెలుస్తుంది.

డేటా_దుర్గ

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. దీనికి మన శాటిలైటే రుజువు. రిసోర్స్‌శాట్-2లోని లిస్-3 కెమెరాకి అసలు నీలం బ్యాండే లేదు. ఆకుపచ్చ, ఎరుపు, సమీప పరారుణ, షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్, ఈ నాలుగే. అయినా 23.5 మీటర్ల వివరంతో నీలి మంచుని అది శుభ్రంగా విడదీయగలదు.

నేను పుట్టి పెరిగింది విజయవాడ గవర్నర్‌పేట, ఇప్పుడు హైదరాబాద్‌లో శాటిలైట్ డేటాతోనే నా ఉద్యోగం. భార్గవీ, పని మొదలుపెట్టే ముందు రెండు విషయాలు సరిచూసుకో.

శాటిలైట్ ఇచ్చే ముడి డిజిటల్ నంబర్ల మీద నిష్పత్తి వేయకు, రిఫ్లెక్టెన్స్‌లోకి, అంటే పడిన వెలుగులో ఎంత తిరిగొచ్చిందన్న లెక్కలోకి, మార్చి వేయి. అక్కడ సూర్యుడు ఎప్పుడూ నడినెత్తికి రాడు. మైత్రి సుమారు 70.75 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉంది, డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 43 డిగ్రీల ఎత్తు దాటడు. ఫిబ్రవరి వచ్చేసరికి ఇంకా కిందికి దిగుతాడు. నిష్పత్తిలో ఆ ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది కానీ, ఒంటి బ్యాండ్‌కి హద్దు పెట్టాలనుకుంటే మాత్రం సూర్యుడి ఎత్తు దిద్దకుండా నవంబరు చిత్రాన్నీ ఫిబ్రవరి చిత్రాన్నీ పక్కపక్కన పెట్టకూడదు.

ఇక మబ్బు నీడ. ఎండ తగలని పొడి మంచు మీద పడేది ఆకాశపు వెలుగు ఒక్కటే. అందులో నీలం పాళ్లు ఎక్కువ, సమీప పరారుణం తక్కువ. కాబట్టి నీడలో ఉన్న తెల్లటి మంచు కూడా నిష్పత్తిలో నీలి మంచు వేషం వేస్తుంది. ఒక్క చిత్రంతో దీన్ని తేల్చబోయి తలనొప్పి తెచ్చుకోకు. మబ్బు కదులుతుంది, దాని నీడా కదులుతుంది, మంచుగడ్డ మాత్రం అక్కడే ఉంటుంది. ల్యాండ్‌శాట్ ఒకే దారిలో తిరిగి రావడానికి 16 రోజులు పట్టినా, ధ్రువాల వైపు పక్క దారులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి కాబట్టి ఒకే చోటు అంతకంటే ఎక్కువసార్లు కనిపిస్తుంది. ఒక వేసవిలో దొరికిన శుభ్రమైన చిత్రాలన్నీ వరసగా పేర్చు. ఎక్కువసార్లు నీలి మంచుగా వచ్చిన పిక్సెల్ ఉంటుంది, ఒక్కసారి వచ్చి పోయింది పోతుంది.

కొండ నీడకి మాత్రం ఈ మందు పనిచేయదు. అక్కడ రెమా అనే అంటార్కిటికా ఎత్తుల పటం తీసుకుని, ఆ సమయానికి సూర్యుడు ఏ దిక్కున ఎంత ఎత్తులో ఉన్నాడో పెట్టి, నీడ ఎక్కడ పడుతుందో ముందే గుర్తించి తీసేయాలి.

సింగ్‌నగర్_శివ

మాస్టారూ, దుర్గా, మీ మాట ఒప్పుకుంటాను. అయినా మోడల్ వాడడంలో తప్పేముంది? 2024 పని వివరాలు చూడండి. వాళ్లు మోడిస్ అనే నాసా శాటిలైట్ కెమెరా చిత్రాలు, రాడార్‌శాట్-2 రాడార్ చిత్రాలు, టాన్‌డెమ్-ఎక్స్ రాడార్ శాటిలైట్లు కొలిచిన ఎత్తులు మూడూ కలిపి 200 మీటర్ల వివరంతో ఖండమంతా గీశారు. లేబుళ్లలో తప్పులు ఉంటాయని ముందే ఒప్పుకుని, ఆ తప్పుల మధ్య నుంచి కూడా అసలు పోలికని పట్టుకునేలా నెట్‌వర్క్‌ని నేర్పించారు. నాకు అందులో బాగా నచ్చింది అదే. కోటీ నలభై లక్షల చదరపు కిలోమీటర్ల ఖండంలో ప్రతి అంచునీ మనిషి కూర్చుని సరిచూడగలడా?

డేటా_దుర్గ

ఖండమంతా అంటే మోడలే దిక్కు, కాదనను. భార్గవి ప్రాంతం చిన్నది. అక్కడ ప్రతి పిక్సెల్ ఎందుకు అలా ఉందో తను చెప్పగలగాలి, రేపు వైవాలో అడిగేది అదే. ముందు నిష్పత్తితో చేసి, ఎక్కడ తేలడం లేదో కళ్లారా చూశాక మోడల్‌కి వెళ్తే, ఏ లేబుల్ నమ్మాలో ఏది వద్దో తనకే తెలుస్తుంది.

పటమట_ప్రయాణికుడు

ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. కొన్నేళ్ల కిందట వేసవి బృందంలో టెక్నికల్ పని మీద మైత్రికి వెళ్లాను. కేప్‌టౌన్‌లో ఇల్యూషిన్-76 ఎక్కితే దిగేది మీరు మాట్లాడుకుంటున్న ఆ నీలి మంచు మీదే. రష్యన్ల నోవోలాజరెవ్‌స్కాయా స్టేషన్‌కి దగ్గర్లో నోవో రన్‌వే ఉంది. సిమెంటూ లేదు, తారూ లేదు, మంచుగడ్డని చదును చేసిన రన్‌వే. అంత బరువు విమానం చక్రాల మీద దిగితే కింద కదలిక తెలియదు.

ఫోటోల్లో నున్నగా అద్దంలా ఉంటుందనిపిస్తుంది, కాలు పెడితే అలా ఉండదు. రన్‌వే పక్కకి నడిస్తే మంచు మీద అంతటా చిన్న చిన్న గుంతలు, అరచేయి పట్టేంత, ఒకదాని పక్కన ఒకటి అలలు అలలుగా. గాలికి అడ్డంగా బారులు తీరి ఉంటాయి. బూట్లకి ముళ్లపట్టీలు కట్టుకోకపోతే ఆ గుంతల అంచుల మీద కాలు జారుతుంది. వంగి చూస్తే లోపల తెల్లటి బుడగలు, పాత పగుళ్లు అతుక్కున్న చోట తెల్లటి గీతలు కనిపిస్తాయి. కొండల దగ్గర్లో అయితే గులకరాళ్లు ఎండకి వేడెక్కి, తమ కింద మంచుని కరిగించుకుని, గుండ్రటి బొరియల్లో కూర్చుని ఉంటాయి. పైన పలచటి మంచు మూత.

గాలి గురించి ఒక మాట. ఖండం లోపలి ఎత్తుల నుంచి చల్లటి గాలి వాలు వెంట కిందికి దూకుతుంది. మోకాలి ఎత్తున పొడి మంచు ఇసుకలా పరిగెత్తడం రోజూ చూసేవాళ్లం. పొద్దున నీలంగా ఉన్న చోట సాయంత్రానికి తెల్లటి నాలుకలు పడేవి, మర్నాటికి మళ్లీ ఊడ్చుకుపోయేవి. మీరు హద్దు హద్దు అంటున్నారు. అక్కడ నిలబడి చూసిన నాకు హద్దు అనేది ఎప్పుడూ ఒకచోట కనిపించలేదు.

బ్రాడీపేట_భార్గవి

అన్నా, చాలా చాలా థాంక్స్. నేను కంప్యూటర్ తెర మీద చూసే పిక్సెల్ 30 మీటర్లు. అందులో మీరు చెప్పిన నాలుకలు ఎన్ని ఇమిడిపోతాయో ఇప్పుడర్థమవుతోంది.

మాస్టారూ, అయిదు బై మూడు వేశాను. తేడా స్పష్టంగా వచ్చింది! నీడలకి దుర్గక్క చెప్పినట్టు చిత్రాలు పేరుస్తున్నాను. మడుగుల దగ్గర మాత్రం ఇంకా ఇబ్బందే. కొండలకి ఉత్తరాన, సముద్రం మీద తేలే నివ్ల్ మంచు పలక మీద జనవరిలో మడుగులు, వాటిని కలిపే కాలవలు కనిపిస్తున్నాయి. వాటి నిష్పత్తి నీలి మంచు కంటే కిందికి పోతోంది కానీ, లోతు తక్కువ ఉన్న అంచుల్లో రెండూ కలిసిపోతున్నాయి.

డేటా_దుర్గ

నీటికి వేరే సూచిక వాడు. నీలం నుంచి ఎరుపు తీసేసి, వాటి మొత్తంతో భాగించడం. మంచు మీది నీటికి దీన్నే ఎక్కువమంది వాడతారు, 0.25 దాటితే నీరు అని తీసుకోవడం మామూలు. నీరు ఎరుపుని ఇంకా గట్టిగా పీల్చుకుంటుంది కాబట్టి లోతైన మడుగులు దీనికి దొరికిపోతాయి. అంచుల్లో, బురద మంచులో ఇదీ తడబడుతుంది. అప్పుడు కాలాన్నే అడగాలి. అదే చోటుని నవంబరులో చూడు. అప్పటికి నీలి మంచు ఉంటే నీలంగానే ఉంటుంది, మడుగు అయితే ఇంకా పుట్టి ఉండదు. ఆకారం కూడా చెబుతుంది. నీరు పల్లంలో చదునుగా కూర్చుంటుంది, నీలి మంచు గాలివాటు వాలుల మీద కూడా ఉంటుంది. రెమా మీద పరిచి చూడు.

లేజర్‌తో ఎత్తులు కొలిచే ఐస్‌శాట్-2 శాటిలైట్ దారి మీ ప్రాంతం మీదుగా పోతే అది కూడా చూడు. దాని పచ్చ లేజర్ నీటిలోకి దిగుతుంది, మడుగు ఉన్నచోట పై మట్టం, అడుగు మట్టం రెండు గీతలుగా వస్తాయి. మడుగుకి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.

తెనాలి_తేజ

నేను ఇంటర్ ఎంపీసీ. అర్థమైనంత వరకు చదివాను, బాగుంది. అక్కా, ఒకటి అడగొచ్చా? ఇంత కష్టపడి ఆ మంచుగడ్డ ఎక్కడుందో గీస్తే ఏం ఉపయోగం? సముద్రమట్టం పెరగడానికి దీనికీ సంబంధం ఉందా?

కృష్ణలంక_మాస్టారు

మంచి ప్రశ్న బాబూ. సముద్రం సంగతి దుర్గ చెబుతుంది, నేను ఉల్కల గురించి చెబుతాను.

1969లో జపాన్ బృందం ఒకటి యమాతో పర్వతాల దగ్గర నీలి మంచు మీద పనిచేస్తూ తొమ్మిది ఉల్కలు ఏరింది. అది కూడా మన మైత్రి ఉన్న క్వీన్ మాడ్ ల్యాండ్‌లోనే, తూర్పుగా. ఒకే రాయి పగిలి పడ్డ ముక్కలైతే అందరూ అంతటితో వదిలేసేవారు. అవి వేరువేరు రకాలు. వేరువేరు కాలాల్లో వేరువేరు చోట్ల పడ్డ రాళ్లు ఒకే చోటికి ఎలా చేరాయి? ఖండం మీద ఎక్కడో పడ్డ ఉల్క మంచులో కూరుకుపోతుంది. మంచు మెల్లగా సముద్రం వైపు నడుస్తుంది. దారిలో కొండ అడ్డం వస్తే మంచు పైకి లేస్తుంది. పైన గాలి, పొడి వాతావరణం కలిసి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల మంచుని నేరుగా ఆవిరి చేస్తాయి. మంచు పోతుంది, రాయి మిగులుతుంది. వేల ఏళ్లపాటు అలా పోగవుతూనే ఉంటాయి. ప్రపంచంలో ఇంతవరకు దొరికిన ఉల్కల్లో 60 శాతానికి పైగా అంటార్కిటికావే. అంగారకుడి నుంచి వచ్చిన ఏఎల్‌హెచ్ 84001 అనే రాయి 1984లో అలన్ హిల్స్‌లో దొరికింది కూడా ఇలాంటి చోటే.

ఆ అలన్ హిల్స్‌లోనే పైకి తేలిన పాత మంచులో 60 లక్షల ఏళ్ల నాటి ముక్కలు దొరికాయని 2025లో ప్రకటించారు. ఆ బుడగల్లో ఉన్నది అప్పటి గాలి! లోతుగా తవ్వకుండా అంత పాత గాలి అందేది నీలి మంచు దగ్గరే. ఎక్కడ వెతకాలో చెప్పేది భార్గవి గీస్తున్నలాంటి పటమే.

దీనికి తొందర కూడా ఉంది. నల్లటి ఉల్క ఎండకి వేడెక్కి, గాలి సున్నా కంటే చల్లగా ఉన్నప్పుడు కూడా కింద మంచుని కరిగించుకుని లోపలికి దిగిపోగలదు. భూమి వేడెక్కడం వల్ల ఏటా సుమారు 5,000 ఉల్కలు ఇలా అందకుండా పోతున్నాయని 2024లో అంచనా వేశారు. పటమట తమ్ముడు చూసిన గులకరాళ్ల బొరియలు ఉన్నాయే, జరిగేది అదే.

డేటా_దుర్గ

తేజా, అంటార్కిటికా నీలి మంచు చాలావరకు కరిగి సముద్రంలో కలవడం లేదు. మాస్టారు చెప్పినట్టు ఆవిరైపోతుంది, పై నుంచి కొత్త మంచు వస్తుంది. కాబట్టి నీలి మంచు ఉంది కదా అని రేపు మచిలీపట్నం మునుగుతుందని ఎవరైనా అంటే నమ్మకు.

సంబంధం ఇంకో దారిలో ఉంది. పొడి మంచు తన మీద పడ్డ ఎండలో 80 శాతం దాకా తిప్పి పంపేస్తుంది, నీలి మంచు 56 శాతం దగ్గర. అంటే రెట్టింపు కంటే ఎక్కువ వేడిని లోపల ఉంచుకుంటుంది. 2024 పటం ప్రకారం దాదాపు సగం నీలి మంచు, ఖండపు మంచు నేలని వదిలి సముద్రం మీద తేలడం మొదలయ్యే గీతకి 20 కిలోమీటర్ల లోపే ఉంది. అక్కడే గాలి పొడి మంచుని ఊడ్చేసి, మంచుగడ్డని బయటపెట్టి, కరుగుదలని పెంచుతుంది. ఆ నీరు తేలే పలకల మీదికి పారి మడుగులవుతుంది. మడుగుల బరువుకి పగుళ్లు లోతుకి తెరుచుకుంటే పలక ముక్కలవ్వచ్చు. 2002లో అంటార్కిటికా ద్వీపకల్పం దగ్గర లార్సెన్-బీ పలక, సుమారు 3,250 చదరపు కిలోమీటర్లు, కొన్ని వారాల్లో విరిగిపోయింది. విరగడానికి ముందు దాని మీద బోలెడన్ని మడుగులు ఉన్నాయి. తేలే పలక విరిగితే దానివల్ల మట్టం పెద్దగా పెరగదు, వెనక ఉన్న హిమనదాలకి అడ్డు తొలగడమే అసలు ప్రమాదం.

గ్రీన్‌లాండ్ కథ వేరు. అక్కడ వేసవిలో పొడి మంచు కరిగి పైకి పైకి జరిగేకొద్దీ బయటపడే మంచుగడ్డ నేరుగా కరుగుతుంది, మురికి, ఆల్గే చేరి ఇంకా నల్లబడుతుంది. అక్కడ ఈ హద్దు పటమే కరుగుదల లెక్కకి ఆధారం.

సింగ్‌నగర్_శివ

నా హ్యాండిల్ చూస్తే మాది ఎక్కడో తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వీధి నీళ్లలోనే ఉంది. మబ్బు పట్టి మామూలు చిత్రాలు దొరకని సమయంలో రాడార్ చిత్రాలతో వరద పటాలు గీయడం చూశాను, రాడార్ మీద ఆసక్తి అప్పుడే పుట్టింది. ఆ చిత్రాల్లో పొలాల మీది వరద నల్లగా వస్తుంది, ఎందుకంటే చదునైన నీరు రాడార్ తరంగాన్ని అవతలికి జారవిడుస్తుంది. ఇళ్ల మధ్య నీళ్లు మాత్రం నీటికీ గోడకీ తగిలి తిరిగొచ్చి తెల్లగా మెరుస్తాయి. ఒకే నీరు, రెండు రంగులు.

నీలి మంచుకి కూడా రాడార్‌లో రంగు ఒక్కటే చూస్తే చాలదు. అన్న చెప్పిన గుంతలు, లోపలి బుడగలు, పైన పలచటి మంచు అన్నీ కలిసి మార్చేస్తాయి. కోహెరెన్స్ బాగా పనికొస్తుంది. ఒకే చోటుని కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు చూసి, రెండు తరంగాల దశ ఎంత పోలుతుందో లెక్కవేయడం. గాలికి పొడి మంచు ఉపరితలం మారిపోతుంది, పోలిక చెడుతుంది. గట్టి మంచుగడ్డ మీద పోలిక నిలుస్తుంది. చలికాలపు చీకట్లోనూ ఇది పనిచేస్తుంది, మబ్బుతో పనిలేదు.

2025 జులై 30న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ రాడార్ శాటిలైట్ ఉంది కదా. దాని రాడార్‌ని ఎడమ వైపే చూసేలా పెట్టారు, దక్షిణ ధ్రువం వైపు ఎక్కువ భాగం కనిపించాలని. 12 రోజులకి ఒకసారి అదే దారికి వస్తుంది. నాసా ఎల్-బ్యాండ్, ఇస్రో ఎస్-బ్యాండ్, రెండూ ఒకే యాంటెన్నా మీద. నీలి మంచు మీద ఆ రెండు బ్యాండ్లూ ఎలా వేరుగా ప్రవర్తిస్తాయో చూడాలని నాకు చాలా ఆశగా ఉంది. ల్యాండ్‌శాట్ దాదాపు 82.5 డిగ్రీల దక్షిణం దాటి చూడలేదు. ఆ లోపలి నీలి మంచుకి రాడార్, మోడిస్‌లే ఆధారం.

మంగళగిరి_మధు

అందరూ బ్యాండ్ల గురించే మాట్లాడారు, విస్తీర్ణం లెక్క ఎవరూ ఎత్తలేదు. భార్గవీ, నువ్వు బ్రౌజర్ మ్యాపుల మీద గీసి అక్కడే చదరపు కిలోమీటర్లు తీయాలనుకుంటే ఆగు. ఆ మ్యాపులు వెబ్ మెర్కేటర్ అనే ప్రొజెక్షన్‌లో, అంటే గుండ్రటి భూమిని చదునుగా పరిచే ఒక పద్ధతిలో ఉంటాయి. మైత్రి అక్షాంశం దగ్గర అందులో విస్తీర్ణం నిజానికి తొమ్మిది రెట్లు పైగా ఉబ్బుతుంది. మన గుంటూరు దగ్గర గీస్తే తేడా పదో వంతులోపు కాబట్టి ఇక్కడ అలవాటైన చెయ్యి అక్కడ దెబ్బతింటుంది.

అంటార్కిటికాకి అందరూ వాడేది ఈపీఎస్‌జీ 3031, ధ్రువ స్టీరియోగ్రాఫిక్. దాని కొలత 71 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉంటుంది, అదృష్టం కొద్దీ మైత్రి అక్కడే ఉంది. అందులో నేరుగా లెక్కవేసినా నీకు పెద్ద తేడా రాదు. ధ్రువం వైపు పోతే విస్తీర్ణం 5 శాతం దాకా తక్కువ వస్తుంది. ఖండమంతా కలిపేవాళ్లు సమ వైశాల్య ప్రొజెక్షన్‌లోకి మార్చుకోవాల్సిందే. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో క్వాంటార్కిటికా ప్యాకేజీ వేసుకో, పేర్లు, స్టేషన్లు, హద్దులు అన్నీ ముందే ఉంటాయి.

బ్రాడీపేట_భార్గవి

మధు గారూ, నేను క్యూజీఐఎస్‌లోనే చేస్తున్నాను, ప్రొజెక్షన్ 3031. ధైర్యం వచ్చింది.

ఇప్పుడు అసలు టెన్షన్. చిత్రాలు పేర్చాక తెలిసింది, కొన్ని పిక్సెల్‌లు ప్రతి చిత్రంలోనూ నీలి మంచే. కొన్ని ఎప్పుడూ కాదు. వాటి మధ్య ఒక పట్టీ ఉంది. అక్కడ కొన్నిసార్లు అవును, కొన్నిసార్లు కాదు. పట్టీ సన్నగా ఉంటుందనుకున్నాను, చాలా వెడల్పుగా ఉంది. దాన్ని కలిపితే ఒక విస్తీర్ణం, వదిలేస్తే ఇంకొకటి. రిపోర్టులో ఒకే అంకె రాయాలి కదా?

డేటా_దుర్గ

ఎందుకు రాయాలి? ఆ పట్టీయే నీ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన భాగం. నువ్వు మొదట అడిగిన 94 వేల చదరపు కిలోమీటర్ల తేడాకి సమాధానం చాలావరకు అలాంటి పట్టీల్లోనే ఉంది. ఒకరు 1999 నుంచి 2003 మధ్య ల్యాండ్‌శాట్ 7 చిత్రాలు, దానికి అందని చోట మోడిస్ తీసుకున్నారు. ఇంకొకరు వేరే సెన్సార్లు, వేరే పిక్సెల్ పరిమాణం. సగం మంచుగడ్డ, సగం పొడి మంచు ఉన్న పిక్సెల్‌ని ఒకరు కలుపుకుంటారు, ఇంకొకరు వదిలేస్తారు. ముతక రేణువుల పాత మంచు కూడా సమీప పరారుణంలో కొంత నల్లబడుతుంది, దాన్ని ఎక్కడ తెంచాలి అన్నది ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. ఇవన్నీ మర్చిపోయి రెండు అంకెలు పక్కపక్కన పెట్టి, నీలి మంచు తగ్గిపోయిందని ఎవరైనా రాస్తే అది పెద్ద పొరపాటు అవుతుంది.

అందుకే గీత గీయకు. ప్రతి పిక్సెల్‌కీ శుభ్రంగా కనిపించినవి ఎన్నిసార్లు, అందులో నీలి మంచుగా వచ్చినవి ఎన్నిసార్లు, ఈ శాతాన్నే పటంగా ఇవ్వు.

కృష్ణలంక_మాస్టారు

దుర్గా, నీ పద్ధతి బాగుంది కానీ చివరి మాట పూర్తిగా ఒప్పుకోను. విమానం దించేవాడికి, ఉల్కలు వెతికేవాడికి గీత కావాలి. శాతాల పటం చేతిలో పెట్టి మీరే తేల్చుకోండి అంటే శాస్త్రవేత్త బాధ్యత పూర్తికాదు. భార్గవి శాతాల పటం ఇవ్వాలి, దాని మీద గీత కూడా గీయాలి, ఆ గీత ఏ నియమంతో వచ్చిందో పక్కనే రాయాలి. 90 శాతం దాటినవి శాశ్వత నీలి మంచు అనుకుంటే ఆ మాట రాయి. 50 శాతం అయితే అదీ రాయి. నియమం రాస్తే రేపు ఇంకొకరు అదే నియమంతో పదేళ్ల తర్వాత చేసి పోల్చగలుగుతారు. అప్పుడు వచ్చిన మార్పు మార్పే.

డేటా_దుర్గ

సరే మాస్టారూ, ఇది ఒప్పుకుంటాను. గీత ఉండాలి, నియమంతో పాటు. భార్గవీ, ఏ నెలల చిత్రాలో కూడా రాయి. నవంబరు, డిసెంబరు పటం ఒకటి, జనవరి, ఫిబ్రవరి పటం ఒకటి విడిగా చేస్తే గాలి తుడిచిందీ, కరిగి బయటపడిందీ వేరుపడే అవకాశం ఉంది.

పటమట_ప్రయాణికుడు

తల్లీ, ఆ మధ్య పట్టీ ఎటు వైపు సాగి ఉందో చూశావా? గాలి అక్కడ ఎక్కువగా ఆగ్నేయం నుంచి వస్తుంది. మంచు నాలుకలు కొండ చాటున, గాలి పోయే వైపు పడతాయి. నీ పట్టీ కూడా వాయవ్యంగా సాగి ఉంటే అది గాలి పని. పల్లాల వెంట వంకరలు తిరిగి ఉంటే నీరు.

బ్రాడీపేట_భార్గవి

అన్నా, ఇప్పుడే చూశాను. కొండలకి దగ్గర ఉన్న భాగం మీరు చెప్పిన దిక్కునే సాగి ఉంది! తూర్పు చివర ఒక ముక్క మాత్రం వాలు వెంట వంకరగా ఉంది. దాన్ని నీటి సూచికతో మళ్లీ చూస్తాను.

రెండు కాలాల పటాలు విడిగా చేస్తాను, 90 శాతం, 50 శాతం గీతలు రెండూ పెడతాను. చివరగా ఒకటి. పాత కాలంతో పోల్చడానికి 2003 తర్వాతి ల్యాండ్‌శాట్ 7 చిత్రాలు వాడొచ్చా? వాటిలో నల్ల చారలు ఉన్నాయి.

డేటా_దుర్గ

2003 మే 31న దాని స్కాన్‌లైన్ దిద్దే పరికరం చెడిపోయింది, అప్పటి నుంచి ఒక్కో చిత్రంలో సుమారు 22 శాతం ఖాళీ. శాతాల పద్ధతిలో అది పెద్ద అడ్డంకి కాదు, ఖాళీ పిక్సెల్‌ని కనిపించని సారి కింద లెక్కవేయి, మంచు కాదు అని లెక్కవేయకు. ఇంకో జాగ్రత్త. ల్యాండ్‌శాట్ 7 డేటా 8 బిట్లు, ల్యాండ్‌శాట్ 8ది 12 బిట్లు. మెరిసే పొడి మంచు మీద పాతది కొన్ని బ్యాండ్లలో నిండిపోయి ఆగిపోతుంది. నిండిన పిక్సెల్‌లో నిష్పత్తికి అర్థం లేదు, వాటిని ముందే మాస్క్ చేసి తీసేయి. అది చేశాకే పోలిక మొదలుపెట్టు.